చిట్టి చేపలు - మన ఎముకలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరినప్పుడు, షుగరు గురించో రక్తపోటు గురించో చెబుతామని అనుకొని ఉంటారు. చేపల గురించి చెబుతామనేసరికి నవ్వారు. "కూరకు పనికివచ్చేవేనా?" అని అడిగారు. కావండీ. ఇవి వేలెడంత కూడా ఉండవు. కూర మాట దేవుడెరుగు, పిల్లికి కూడా చాలవు. అయినప్పటికీ మనిషి ఎముకల జబ్బుల గురించి ఈ ముప్పై ఏళ్ళలో శాస్త్రజ్ఞులు తెలుసుకున్న సంగతులలో కొన్ని ఈ చేపల చలవే.

మేము కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాళ్ళము. డాక్టర్లము కాము. కాబట్టి మందుల పేర్లు అడగవద్దని ముందే మనవి చేసుకుంటున్నాము. ఈ విషయం మాకు పుస్తకాలలో కంటె ముందు ఇంట్లోనే ఎదురైంది. ఆ కథతోనే మొదలుపెడతాము.

మా దగ్గరి చుట్టాలలో ఒక అమ్మాయి. పన్నెండో ఏట పండుగకు కుర్తా కుట్టించబోతే, దర్జీ చాచా కొలత తీసుకుంటూ ఆగిపోయాడు. "అమ్మా, బిడ్డకు ఒక భుజం దిగి ఉంది. ఈ పక్క అంగుళం ఎక్కువ పెట్టాలి" అన్నాడు. తల్లి విన్నది, ఊరుకున్నది. ఆనాటి నుంచి ఆ పిల్ల దుపట్టా వేసుకునే తీరు మారింది. నాలుగేళ్ళు పోతే సంబంధాలు వచ్చే పిల్ల, వెన్ను వంకర అని మాట పొక్కితే ఎట్లా అని ఇంటిల్లిపాదీ గుట్టుగా ఉంచారు. ఇంట్లో మాత్రం నిందలు తప్పలేదు. బడి సంచీ బరువు వల్లనే అన్నది నానీ. తల్లి పాలూ గుడ్లూ సరిగా పెట్టలేదన్నారు తండ్రి తరఫువారు. జంతుశాస్త్రం చెప్పే మేము ఏమన్నామంటారా? "నిటారుగా కూర్చోవమ్మా, వంగి చదివితే అట్లాగే అవుతుంది" అని ఆ పిల్లనే కోప్పడ్డాము. ఈ మాట ఈ సభలో ఒప్పుకోవడానికి మాకు సిగ్గుగానే ఉంది.

పదిహేడో ఏట నడిస్తే ఆయాసం వచ్చేదాకా వచ్చింది. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. వెన్నుకు లోహపు కడ్డీలు బిగించి పెద్ద ఆపరేషను చేశారు. పిల్ల బాగున్నది, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నది. కాని ఆనాడు సర్జనుగారు ఎక్సరే చూస్తూ ఒకే ప్రశ్న అడిగారు. "ఇన్నాళ్ళు ఎందుకు తీసుకురాలేదు?" మాలో ఒక్కరికీ జవాబు లేకపోయింది. అసలు వెన్ను ఎందుకు వంగింది, తప్పు ఎవరిది అని వెతుక్కుంటూ చదువుతూ పోతే, ఆ వెతుకులాట మమ్మల్ని ఈ చిట్టి చేపల దగ్గరికి చేర్చింది.

ముందు ఎముక అంటే ఏమిటో రెండు మాటలు. ఎముక అంటే గోడలో ఇటుకలాగా కదలని వస్తువని మనం అనుకుంటాము. కాదు. అది ప్రాణమున్న పదార్థం. అందులో రెండు రకాల పనివారు ఉంటారు. ఒక రకం కణాలు పాత ఎముకను తొలిచివేస్తాయి. మరొక రకం కణాలు ఆ చోట కొత్త ఎముకను కడతాయి. పెద్దవారిలో ఏడాదికి సుమారు పదోవంతు ఎముక ఇట్లా కొత్తదవుతూ ఉంటుంది. కూల్చేవాడూ కట్టే మేస్త్రీ సమానంగా పనిచేసినంత కాలం ఇల్లు నిలుస్తుంది. కూల్చేవాడి చెయ్యి మించితే ఎముక గుల్లబారుతుంది. ముట్లు ఆగిన తరువాత స్త్రీలలో జరిగేది ఇదే. బాత్రూములో కాలు జారిన దాదీకి తుంటి విరగడం వెనుక ఏళ్ళ తరబడి సాగిన ఈ లెక్క తప్పడం ఉంటుంది.

కష్టమేమంటే, ఈ పనివారు పనిచేస్తుండగా చూడటం సాధ్యం కాదు. బ్రతికివున్న మనిషి ఎముకలోకి తొంగి చూడలేము. ఎక్సరే అనేది జరిగిపోయినదాన్ని చూపుతుంది గాని, జరుగుతున్నదాన్ని చూపదు. ఎలుకలో చూద్దామంటే దాని పిల్ల తల్లి కడుపులో పెరుగుతుంది. తల్లి కడుపు బయట, అద్దంలాగా పారదర్శకంగా, కళ్ళ ఎదుట ఎముక కట్టుకునే ప్రాణి ఏదైనా ఉంటే ఎంత బాగుండును! అట్లాంటి ప్రాణి మన కాలువల్లోనే ఉన్నది.

దాని పేరు జీబ్రా చేప. ఒంటిమీద తలనుంచి తోకదాకా నీలి చారలు ఉంటాయి. పొడవు మూడు నాలుగు సెంటీమీటర్లు. మన దేశం, నేపాలు, బంగ్లాదేశ్ దీని పుట్టిల్లు. మెల్లగా పారే కాలువల్లో, వరి మళ్ళలో, నీటి గుంటల్లో బ్రతుకుతుంది. గంగానదీ ప్రాంతపు చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాటిష్ వైద్యుడు 1822లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని మొదటిసారి శాస్త్రీయంగా వర్ణించాడు. ఆ తరువాత చాలాకాలం ఇది గాజుతొట్టెలో అందం కోసం పెంచే చేపగానే ఉండిపోయింది. పిల్లలు దుకాణంలో ముచ్చటపడి కొనిపించుకునే చేపల్లో ఇదీ ఒకటి.

దీన్ని ప్రయోగశాలకు తెచ్చిన ఘనత అమెరికాలోని ఆరెగాన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జార్జి స్ట్రైసింగర్‌ది. ఆయన పరిశోధనకు దుకాణపు చేపలే మూలం. పదేళ్ళకు పైగా ఓపికపట్టి, 1981లో అచ్చుగుద్దినట్లు ఒకే వారసత్వం గల జీబ్రా చేపలను పుట్టించి చూపాడు. మూడేళ్ళకే, 1984లో, ఆయన చనిపోయారు. ఆయన వేసిన విత్తనం మాత్రం మొలిచింది. 1996లో జర్మనీలోని ట్యూబింగెన్, అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు వేలకొద్దీ మార్పు చెందిన చేపలను వెతికి పట్టి, ఫలితాలను ఒకే పత్రిక ఒకే సంచికలో ప్రకటించారు. ట్యూబింగెన్ బృందానికి నాయకురాలు క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్డ్ అనే శాస్త్రజ్ఞురాలు. అంతకు ముందు ఏడాదే ఆమెకు పండ్ల ఈగల మీద చేసిన పనికి నోబెల్ బహుమతి వచ్చింది. 2013లో ఈ చేప జన్యువుల పట్టిక సమగ్రంగా వెలువడింది. మనిషి జన్యువులలో నూటికి 70 పాళ్ళకు ఈ చేపలో కనీసం ఒక జత జన్యువు ఉన్నదని తేలింది. ఎముకను కట్టే జన్యువులు, తొలిచే జన్యువులు అందులో ఉన్నాయి.

ప్రయోగశాలలో ఈ పని ఎట్లా సాగుతుందో చెబితే ఆడవారికీ పిల్లలకూ ఆసక్తిగా ఉంటుంది. నీటిని సుమారు 28 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతారు. రోజుకు 14 గంటలు వెలుగు, 10 గంటలు చీకటి. సాయంత్రం ఆడచేపను, మగచేపను ఒకే తొట్టెలో నడుమ అడ్డు పెట్టి ఉంచుతారు. తెల్లవారి దీపం వేసి అడ్డు తీయగానే గుడ్లు పెడుతుంది. తన గుడ్లను తానే తినే అలవాటు దీనికి ఉన్నది. అందుచేత అడుగున జల్లెడ పెడతారు. గుడ్లు దాని కిందికి జారిపోతాయి. ఒక్క ఆడచేప ఒక్కసారికి రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది. ఒక్క రోజు గడిచేసరికి గుడ్డులో గుండె కొట్టుకోవడం సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. మూడో రోజుకు పిల్ల బయటికి వస్తుంది. దాదాపు అదే సమయంలో భుజం దగ్గరా మొప్పల మూత దగ్గరా మొదటి ఎముకలు మొలకెత్తుతాయి. మూడు నెలలకు ఆ పిల్లే గుడ్లు పెట్టే వయసుకు వస్తుంది.

ఎముకను కనిపించేట్లు చేయడానికి ఒక ఎర్ర రంగు వాడతారు. దాని పేరు అలిజరిన్. అది సున్నపు పదార్థం పేరుకున్న చోటనే అంటుకుంటుంది. పిల్లచేప ఒళ్ళంతా గాజులాగా ఉంటే, ఎముకలు మాత్రం ఎర్రని గీతల్లాగా తేలతాయి. ఈ రంగు మనకు కొత్తది కాదు. మచిలీపట్నం, పెడన కలంకారీ అద్దకంలో ఎరుపు కోసం వాడిన చిరివేరు ఉన్నదే, అందులో ఉండే రంగు పదార్థం అలిజరినే. మన ముత్తాతలు దుప్పట్లకూ జానిమాజులకూ ఈ వేరుతోనే రంగు వేశారు. రంగు అద్దకంలో వాడే మంజిష్ఠజాతి వేరు కలిసిన మేత తిన్న జంతువుల ఎముకలు ఎర్రబారడం 1736లోనే లండనులో జాన్ బెల్చియర్ అనే సర్జను గమనించి ప్రకటించాడు. 1868లో జర్మనీలో దీన్ని రసాయనశాలలో తయారుచేయడం నేర్చుకున్నారు. గుడ్డకు పట్టిన రంగే ఈనాడు ఎముక గుట్టు విప్పుతున్నది.

ఇక ఈ చేపలు నేర్పిన పాఠాలు మూడు చెబుతాము.

మొదటిది పెళుసు ఎముకల జబ్బు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉంటాయి. ఎత్తుకున్నా విరుగుతాయి. సుమారు పదిహేను, ఇరవై వేల కాన్పులకు ఒక బిడ్డ ఇట్లా పుడుతుంది. ఎముకలో సున్నం ఇటుక అయితే, కొల్లాజెన్ అనే మాంసకృత్తు దాన్ని పట్టివుంచే పేనిన తాడు. ఎక్కువమందిలో లోపం ఆ తాడు పేనికలోనే ఉంటుంది. సరిగ్గా అట్లాంటి లోపమే ఉన్న ఒక జీబ్రా చేపను పరిశోధకులు గుర్తించి, 2003లో ఎక్సరేలతో సహా ప్రకటించారు. పొట్టిగా ఉన్నదని దానికి చివావా అనే బుల్లి కుక్కజాతి పేరు పెట్టారు. దాని పక్కటెముకలు విరిగి మళ్ళీ అతుక్కున్న గుర్తులు మనిషి బిడ్డలో ఉన్నట్లే ఉన్నాయి. 2017లో ఇటలీలోని పావియా పరిశోధకుల బృందం ఈ చేపకు ఒక మందు ఇచ్చి చూసింది. అది తాడు పేనే కణంలో పేరుకుపోయిన చిక్కును సడలించే మందు. చేప ఎముకలు కొంత బాగుపడ్డాయి. అంటే మనిషికి మందు దొరికినట్లు కాదు. వెతకవలసిన దారి ఏదో తెలిసింది. ఇట్లాంటి బిడ్డ ఉన్న ఇంట్లో, తల్లిదండ్రులే కొట్టి విరిచారని అనుమానాలు పుట్టిన సందర్భాలు లోకంలో ఎన్నో ఉన్నాయి. తాడు పేనికలో తప్పుకు తల్లిని ఏమనగలము?

రెండవది ఎముకలు గుల్లబారడం. దీనికి జపాను వరి పొలాల చేప మెదాకా సాయపడింది. ఎముకను తొలిచే కణాలను పుట్టించే సంకేతం ఒకటి ఉన్నది. సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయంలో, నీటిని కొంతసేపు వేడిచేస్తే చాలు ఆ సంకేతం మోగేట్లుగా మెదాకా చేపను తయారుచేసి 2012లో ప్రకటించారు. ఆ కణాలు చీకట్లో మిణుగురుల్లాగా వెలిగే ఏర్పాటు కూడా ఉన్నది. తొలిచే కణాలు వచ్చి వెన్నెముక మీద వాలడం, ఎముక తరిగిపోవడం బ్రతికివున్న చేపలోనే చూశారు. ఎముకల జబ్బుకు ఈనాడు డాక్టర్లు మనిషికి ఇచ్చే మందులు ఆ కణాలను అణచడాన్ని కూడా అట్లాగే కళ్ళారా చూశారు. ఈ మెదాకా అంతరిక్షానికి కూడా వెళ్ళివచ్చింది. 1994లో కొలంబియా నౌకలో నాలుగు మెదాకాలు ప్రయాణం చేస్తే, అక్కడే గుడ్లు పెట్టి పిల్లలను చేశాయి. 2012లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో రెండు నెలలు పెంచిన చేపలలో గొంతు ఎముకల సాంద్రత దాదాపు పావువంతు తగ్గింది. భూమి ఆకర్షణ లేనిచోట తొలిచే కణాల చేయి పైకి వచ్చిందన్నమాట. మంచం పట్టిన పెద్దవారి ఎముకలు త్వరగా ఎందుకు క్షీణిస్తాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక్కడే మరొక మాట. ఒళ్ళునొప్పులకని తెలిసీ తెలియని వైద్యులు ఇచ్చే పొట్లాలలో స్టెరాయిడ్ బిళ్ళలు కలిసివుండటం మనం ఎరుగుదుము. నొప్పి వెంటనే తగ్గుతుంది. హస్తవాసి మంచిదంటాము. ఆ జాతి మందును జీబ్రా చేపలకు ఇచ్చి, రాలిన పొలుసు తిరిగి మొలిచేటప్పుడు పరీక్షించారు. కొత్త పొలుసులో సున్నం సరిగా పట్టలేదు, తొలిచే పని మాత్రం ఎక్కువైంది. స్టెరాయిడ్ అవసరమైన జబ్బులు ఉన్నాయి, మంచి డాక్టరు ఇస్తే వాడవలసిందే, తమంతట తాము హఠాత్తుగా మానకూడదు కూడా. కాని పొట్లంలో ఏమున్నదో తెలియకుండా నెలల తరబడి మింగడం ఎముకను అమ్ముకోవడమే.

మూడవది మా ఇంటి కథ, వెన్ను వంకర. ఎదిగే వయసు పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఏ కారణమూ కనిపించకుండానే వెన్ను పక్కకు వంగుతుంది. ఎక్కువగా ముదిరేది ఆడపిల్లల్లోనే. నాలుగుకాళ్ళ జంతువులలో ఈ జబ్బు ఇట్లా రాదు. చేపలో వస్తుంది. నీటిని చీల్చుకుంటూ ముందుకు ఈదే చేప వెన్ను మీద నిలువునా ఒత్తిడి పడుతుంది. నిలబడి నడిచే మనిషి వెన్ను మీద కూడా అంతే. 2014లో వెన్ను వంగిన ఒక జీబ్రా చేపలో కారణమైన జన్యువును గుర్తించారు. 2016లో మరొక అడుగు పడింది. మెదడులోనూ వెన్నులోనూ ఒక ద్రవం ప్రవహిస్తూ ఉంటుంది. దాన్ని కదిపేవి కంటికి కనిపించని సన్నని కేశాలు. ఆ కేశాల కదలిక చెడిన చేపలలో, ఎముకలు సక్రమంగానే ఏర్పడినా, ఎదిగే వయసులో వెన్ను వంగింది. వంకర మొదలైన తరువాత కూడా కేశాల కదలికను తిరిగి తెప్పిస్తే, వంకర ఇంక ముదరలేదు.

మనిషిలోనూ ఇదే కారణమని ఇంకా రుజువు కాలేదు. మనుషులలో అనేక జన్యువుల ప్రమేయం ఉన్నది. కాని ఆ వ్యాసం చదివిన రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఆ చేపకు బడి సంచీ లేదు. దాని తల్లి పాలూ గుడ్లూ పెట్టకపోవడం లేదు. అది వంగి చదవలేదు. అయినా వెన్ను వంగింది. మేము ఆ పసిదాన్ని ఎన్నిసార్లు కోప్పడ్డామో లెక్కపెట్టుకున్నాము.

చేప చెప్పిందల్లా మనిషికి వర్తిస్తుందని మేము అనబోము. మన ఎముకల లోపల మూలుగలో రక్తం తయారవుతుంది, చేపకు ఆ పని మూత్రపిండంలో జరుగుతుంది. చేప తనకు కావలసిన సున్నాన్ని మొప్పల ద్వారా నీటినుంచే తీసుకోగలదు. మెదాకా ఎముకలో, మన ఎముకలో పాతుకొని ఉండే కణాలు అసలే లేవు. కొన్ని జన్యువులు చేపలో రెండేసి ఉన్నాయి. అందుచేత చేపలో తేలినదాన్ని ఎలుకలోనూ, ఆ తరువాత మనుషులలోనూ జాగ్రత్తగా పరీక్షించవలసిందే. ప్రాణి బాధ మాట కూడా మరువరాదు. చేపను పరీక్షించేటప్పుడు మత్తుమందు కలిపిన నీటిలో ఉంచుతారు. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఇటువంటి ప్రయోగాలకు నిబంధనలు ఉన్నాయి. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో కూడా జీబ్రా చేపల మీద పరిశోధన జరుగుతున్నది. సైన్సు చదివే మన ఆడపిల్లలూ మగపిల్లలూ ఆ తలుపు తమకు కూడా తెరిచివున్నదని తెలుసుకోవాలి.

ఇక చివరిగా, ఇంటికి తీసుకువెళ్ళవలసిన మాట. పది మొదలు పదిహేనేళ్ళ లోపు పిల్లలను ఏడాదికి రెండుసార్లు చూసుకోండి. ఆడపిల్లలైతే తల్లిగాని ఆపాగాని చూస్తే చాలు. పాదాలు కలిపి, చేతులు కిందికి వదిలి, ముందుకు వంగమనండి. వెనుక నిలబడి చూస్తే వీపు రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఒక పక్క ఎత్తుగా లేస్తే, ఒక భుజం దిగితే, దర్జీ అంగుళం ఎక్కువ అడిగితే, అదే నెలలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. అమెరికా, కెనడాలలో జరిగి 2013లో వెలువడిన పరిశీలనలో, ఎదిగే వయసులో నడుముకు పట్టీ కట్టిన పిల్లలలో నూటికి 72 మందికి ఆపరేషను దాకా పోయేంత వంకర రాలేదు. పట్టీ లేకుండా కనిపెట్టి ఉన్నవారిలో అట్లా బయటపడినవారు 48 మంది మాత్రమే. ఆ పట్టీ పనిచేసేది ఒళ్ళు ఎదుగుతున్నంత కాలమే. మేము దుపట్టా కింద దాచిన అయిదేళ్ళు సరిగ్గా ఆ కాలమే.

సర్జనుగారి ప్రశ్నకు ఆనాడు మేము జవాబు చెప్పలేకపోయాము. ఈనాడు చెబుతున్నాము. సిగ్గుపడి తీసుకురాలేదు. సిగ్గుపడవలసినది ఆ పిల్ల వెన్నులో ఏమీ లేదు. మన సంఘం ఏటా పేద పిల్లలకు పుస్తకాలు, యూనిఫారాలు ఇస్తున్నది. యూనిఫారానికి కొలతలు తీసుకునే రోజునే ఒక లేడీ డాక్టరును పిలిపించి పిల్లల వెన్ను కూడా చూపిస్తే, ఖర్చు పెద్దగా కాదు. ఈ మాటను కార్యవర్గం ఆలోచించవలసిందిగా కోరుతున్నాము.